గడ్డి నాటేదానికి కూలీలా?

మన సాఫ్టువేరు జనంలో ఎవరిని కదిపినా రెండెకరాల మాటే. చేవెళ్ళ దగ్గరో షాద్‌నగర్ దగ్గరో, బెంగుళూరు వాళ్ళయితే హిందూపురం దగ్గరో కొనేసినవాళ్ళు కొందరు. కొనబోయేవాళ్ళు ఇంకొందరు. ఊళ్ళో నాన్నగారి పొలం ఉండి, దాన్నేం చెయ్యాలో తెలీక తల గోక్కునేవాళ్ళు మిగతావాళ్ళు. నేను మూడో రకం. ఇంతవరకూ సంతోషమే. నాకు నచ్చనిదల్లా రిజిస్ట్రేషన్ అయిన మర్నాడే పొలంలోకి జేసీబీ దిగడం. "ఎగుడుదిగుడుగా ఉంది, ముందు చదును చేయించేద్దాం" అంటారు. తర్వాత చుట్టూ ప్రహరీ. తర్వాత మామిడి మొక్కలు. ఆ తర్వాత గేటు మీద ఫామ్‌హౌస్ పేరు.

ఈ టపా ఆ జేసీబీకి వ్యతిరేకంగా రాస్తున్నది. ఊరికే వ్యతిరేకించి పోకుండా దాని బదులు ఏం చెయ్యొచ్చో కూడా చెప్తాను. వాలుకి అడ్డంగా, మట్టం చూసి, గీత గీసినట్టు ఒక్క వరస గడ్డి నాటించొచ్చు. ఏ గడ్డి అంటే, వట్టివేరు. అవును, ఎండాకాలంలో కుండలో వేసుకునే వట్టివేరే, తడికలు కట్టి కిటికీలకి వేలాడదీసి నీళ్ళు చల్లే వట్టివేరే. మనకి వేరు సంగతి తెలుసుగానీ పైనుండే గడ్డి సంగతి ఎవరికీ పట్టదు. దాన్ని అవురుగడ్డి అంటారని కూడా ఈ కాలంలో ఎంతమందికి తెలుసో!

ముందు రోగం సంగతి చూద్దాం, తర్వాత మందు.

దేశం మొత్తం మీద సగటున ఒక హెక్టారు నుంచి ఏడాదికి 16.4 టన్నుల మట్టి కదిలిపోతోందని 1983లో ధ్రువనారాయణ, రామ్‌బాబు అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. నేలకోత గురించి మన దేశంలో ఎవరు మాట్లాడినా ఇప్పటికీ ఈ అంకె దగ్గర్నుంచే మొదలుపెడతారు. ఎకరాల్లోకి మారిస్తే ఎకరాకి దాదాపు ఆరున్నర టన్నులు. అంటే ప్రతి ఎకరం నుంచీ, ప్రతి ఏడూ, ఒకటి రెండు ట్రాక్టరు ట్రాలీల మట్టి ఎవరో దొంగతనంగా తోలుకుపోతున్నట్టు. నిజంగా ట్రాక్టరే వచ్చి తోలుకుపోతుంటే ఊరంతా కర్రలు పట్టుకుని పరిగెత్తేది. కానీ దీన్నే ఎకరమంతా పరిస్తే మందం ఒక్క మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ. ఒక్క మిల్లీమీటరు తగ్గితే ఏ రైతుకి కనిపిస్తుంది? మెమరీ లీకు లాంటిదన్నమాట. ఇవాళ ఏమీ కాదు, రేపూ ఏమీ కాదు, ఓ పాతికేళ్ళకి అంగుళం నేల మాయం. మా కదిరి వైపు ఎర్ర చేలల్లో చాలాచోట్ల మంచి మట్టి మూరెడు లోతు కూడా ఉండదు, కిందంతా గరుసు. ఆ మూరెడులోంచే ఈ అంగుళాలు పోతున్నాయి. కొత్తగా అంగుళం మట్టి తయారవడానికి వందల ఏళ్ళు పడుతుంది, అంటే ఆ బాకీ మన మనవళ్ళు కూడా తీర్చలేరు.

పోయిన మట్టి ఎక్కడికి పోతుంది? అదే లెక్క ప్రకారం ఎక్కువ భాగం ఒకచోట నుంచి ఇంకోచోటికి జరుగుతుంది, కొంత సముద్రంలో కలుస్తుంది, ఓ పదో వంతు జలాశయాల్లో పడుతుంది. తుంగభద్ర డ్యాములో 1953లో 133 టీఎంసీలు పట్టేవి. 2016 సర్వేలో తేలింది 105 చిల్లర. 2024 ఆగస్టులో పందొమ్మిదో గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినప్పుడు వారం రోజులు టీవీలన్నీ అక్కడే కాపురం పెట్టాయి. పెట్టాల్సిందే, కాదనను. కానీ అంతకుముందే 27 టీఎంసీల చోటుని మట్టి చప్పుడు చెయ్యకుండా ఆక్రమించేసింది. దాని ముందు ఏ ఛానెలూ మైకు పెట్టలేదు. గేటు విరిగితే వార్త. మట్టి చేరితే ఏముంది, మట్టే కదా!

అసలు వాలులో ఏం జరుగుతుందంటే, వాన చినుకు వట్టి నేల మీద పడగానే చిన్న సుత్తి దెబ్బలా మట్టిరవ్వల్ని చెదరగొడుతుంది. ఆ సన్నమట్టి నేలకున్న సూక్ష్మరంధ్రాల్ని పూడ్చేసి పైన ఓ పొరకడుతుంది. ఎర్రనేలల్లో ఈ పొర ఇంకా త్వరగా కడుతుంది. ఇక నీళ్ళు ఇంకవు, పారతాయి. వాలు పొడుగ్గా ఉన్నకొద్దీ దిగువకి వచ్చే నీళ్ళు పెరుగుతాయి, వేగం పెరుగుతుంది. వేగం రెండింతలైతే దాని శక్తి నాలుగింతలు. ఇది హైస్కూల్లో చదువుకున్నదే. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడే మా జిల్లాలో మట్టి ఎందుకు కొట్టుకుపోతుందని చాలామంది ఆశ్చర్యపోతారు. 550 అనేది మొత్తం. అది పడేది నాలుగైదు పెద్ద దెబ్బల్లో. అవి కూడా తరచు వేరుశనగ పీకేసి నేలంతా గుల్లచేసి పెట్టిన రోజుల్లో పడతాయి.

అమెరికా వ్యవసాయ శాఖలో విష్మయర్, స్మిత్ అని ఇద్దరు నేలకోతకి ఒక సూత్రం ఇచ్చారు. ఆరు అంశాలు తీసుకుని గుణించుకుంటూ పోవడమే. వాన బలం, మట్టి గుణం, వాలు పొడవు, వాలు ఎంత నిటారు, నేల మీద కప్పు, మనం తీసుకునే జాగ్రత్త. గుణకారం కాబట్టి ఏ ఒక్కటి తగ్గినా మొత్తం తగ్గుతుంది, అదీ దీని అందం. మొదటి రెండూ మన చేతుల్లో లేవు. జేసీబీ వాడు నాలుగోదాని మీద పడతాడు, అంటే వాలునే చెరిపేద్దామంటాడు. నేననేది మూడోదాన్ని పట్టుకుందామని. 5 శాతం వాలున్న చోట 100 మీటర్ల పొడవుని 25 మీటర్ల ముక్కలుగా విరగ్గొడితే ఆ సూత్రం ప్రకారం పొడవు లెక్క సగానికి పడిపోతుంది. చేను అలాగే ఉంటుంది, నీళ్ళకి మాత్రం మధ్యమధ్యలో మజిలీలు.

చదును చేస్తే తప్పేమిటంటారా? ఎగువ మట్టిని తీసి దిగువకి నెట్టడమే కదా చదును అంటే. ఎగువన ఉన్న మూరెడు మంచి మట్టీ దిగువన గుంటలో పడుతుంది, ఎగువన గరుసు తేలుతుంది. రెండెకరాల్లో ఎకరం చచ్చిపోయినట్టే. పద్ధతిగా చెయ్యాలంటే పైమట్టి ముందు తీసి ఓ పక్కన కుప్ప పోసి, కింద చదును చేసి, మళ్ళీ పైన పరవాలి. ఆ పని అడిగితే జేసీబీ అతను గంటల లెక్క రెట్టింపు చెప్తాడు, అప్పుడు మనవాళ్ళు "ఎందుకులే, పేడ ఎరువు వేద్దాం" అంటారు. ఇక ప్రహరీ. పైనుంచి వచ్చే నీళ్ళన్నీ గోడ వెంబడే చేరి, ఎక్కడో ఒక తూములోంచి ఒక్కసారిగా బయటపడతాయి. ఆ తూముకి దిగువన ఎవరి చేను ఉందో వాడి పని అంతే. వాడు మనకి ఫోన్ చెయ్యడు. శని, ఆదివారాలు కారులో వచ్చిపోయే వాళ్ళని ఏమడుగుతాడు పాపం. నాకు తెలిసిన ఒకాయన ప్రహరీ కట్టిన రెండో వానాకాలానికే కింది పత్తి చేలో మనిషి నిలబడేంత గాడి పడింది. ఆయనగారు మాత్రం వాట్సాపులో జామచెట్ల ఫొటోలు పెడుతూనే ఉన్నాడు.

మరి గట్లు వెయ్యొచ్చు కదా, ప్రభుత్వాలు చేసింది అదే కదా అంటారు. నిజమే. 1995 వాటర్‌షెడ్ మార్గదర్శకాల దగ్గర్నుంచీ, 2000లో మొదలైన నీరు-మీరు, 2006 ఫిబ్రవరిలో మా ఉమ్మడి అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైన ఉపాధి హామీ, అన్నింట్లోనూ మట్టిగట్లు పోశారు, గుంతలు తవ్వారు. అదంతా దండగ అనే రకాన్ని కాదు నేను. కరువు రోజుల్లో ఆ పని వల్ల పొయ్యి వెలిగిన ఇళ్ళు నేను చూశాను. కానీ గట్టుకి పుట్టుకతోనే ఓ జబ్బుంది. గట్టు నీటిని ఆపుతుంది. ఆపిన నీళ్ళు ఎక్కడో పల్లపు చోట చేరతాయి. పెద్దవాన వచ్చినప్పుడు ఆ చోట గట్టు పొర్లుతుంది, పొర్లిన చోట తెగుతుంది. తెగితే, అప్పటిదాకా ఆపిన నీళ్ళన్నీ ఆ ఒక్క గండిలోంచే వెళ్తాయి. అసలు గట్టు లేకపోతే పలచగా పారాల్సిన నీళ్ళు కాస్తా ఇప్పుడు వంకగా మారి పారతాయి. దాన్నే మనం సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం కదా, అదే. మా చేలో ఒక పథకం కింద వేసిన గట్టు (మావైపు గెనిమ అంటారు) రెండేళ్ళకే తెగింది, అది తెగినచోట పడ్డ గాడి పూడ్చడానికి మాకు గట్టు కన్నా ఎక్కువ ఖర్చయింది.

అదీగాక గట్టుకి మట్టి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ చేలోంచే. 5 శాతం వాలులో 20 మీటర్లకొకటి చొప్పున అడ్డం వెయ్యాలంటే ఎకరాకి 200 మీటర్ల పొడవు కావాలి. గట్టూ దాని పక్క గుంటా కలిపి 2 మీటర్ల వెడల్పు అనుకున్నా 400 చదరపు మీటర్లు, అంటే ఎకరంలో పదో వంతు. ఏ రైతు ఇస్తాడు? అందుకే గొర్రు తోలేటప్పుడు ఏడాదికి కాస్త చొప్పున గట్టుని చెక్కేస్తూ ఉంటారు. వాళ్ళని అనడానికి లేదు.

గడ్డి వరస చేసేది వేరే పని. అది నీటిని ఆపదు, నెమ్మదింపజేస్తుంది. వట్టివేరు కాడలు గట్టిగా, నిటారుగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వచ్చిన నీళ్ళు వరస వెనక కాసేపు నిలబడి, వరస పొడవునా సందుల్లోంచి పలచగా జారతాయి. నిలబడ్డప్పుడు మోసుకొచ్చిన మట్టిని దింపేస్తాయి. అలా వరస వెనక మేట వేస్తూ పోతుంది. మేటలో కూరుకుపోయిన కణుపుల నుంచి గడ్డి మళ్ళీ వేళ్ళూ పిలకలూ వేసుకుని పైకి లేస్తుంది. మట్టి ఎంత పెరిగితే అదీ అంత పెరుగుతుంది. కొన్నేళ్ళకి చేను దానంతట అదే మెట్లు మెట్లుగా తయారవుతుంది. జేసీబీ ఒక్కరోజులో పాడుచేసి ఇచ్చే చదునుని వాన పదేళ్ళు తీసుకుని, పైమట్టి చెడకుండా, ఊరికే చేసిపెడుతుందన్నమాట. గట్టు ఫైర్‌వాల్ అయితే గడ్డి స్పీడ్ బ్రేకరు. (సాఫ్టువేరు పోలికలు ఇంతటితో ఆపేస్తాను, ఒట్టు.)

అన్ని గడ్లూ ఈ పని చెయ్యవు. గరిక నాటితే చేనంతా అల్లుకుంటుంది, రైతు మనల్ని తిట్టుకుంటాడు. రెల్లు కూడా భూమిలోంచి పాకుతుంది. దక్షిణాదిలో పెరిగే వట్టివేరు రకం మొలకెత్తే విత్తనం వెయ్యదు, పక్కకి పాకదు, నాటినచోట దుబ్బుకట్టి ఉంటుంది. వేళ్ళు నిట్టనిలువుగా మూడు నాలుగు మీటర్లు దిగుతాయి కాబట్టి పక్కసాలు పంటతో నీళ్ళకి పెద్దగా కొట్లాడదు. ఆ వేరు తెంపడానికి పట్టే బలం మామూలు ఇనుములో ఆరో వంతు ఉంటుందని కొలిచారు. వెంట్రుకలా కనిపించే వేరుకి అది తక్కువేం కాదు. ఉత్తరాది రకం విత్తనం వేస్తుంది, దాన్ని తెచ్చుకోకండి.

దీని చరిత్ర కూడా సరదాగా ఉంటుంది. 1950ల్లో జాన్ గ్రీన్‌ఫీల్డ్ అనే ఆయన ఫిజీలో చెరుకుని కొండవాలుల్లోకి ఎక్కించడానికి ఈ గడ్డి వరసలు వేయించాడు. ఫిజీ చెరుకు తోటలంటే మనకి పరాయివేం కాదు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి గిర్మిట్ కూలీలుగా వెళ్ళిన వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. 1980ల్లో ఆ గ్రీన్‌ఫీల్డే రిచర్డ్ గ్రిమ్‌షాతో కలిసి మన దేశంలో ప్రపంచబ్యాంకు తరఫున పనిచేస్తూ ఈ గడ్డిని మళ్ళీ పైకి తెచ్చాడు. 1987లో వాళ్ళు వేసిన పచ్చ అట్ట చిన్నపుస్తకం ఎన్నో దేశాలు తిరిగింది. థాయిలాండులో రాజు భూమిబోల్ స్వయంగా 1991 నుంచి దీన్ని నెత్తికెత్తుకున్నాడు. అసలు తమాషా ఏమిటంటే మైసూరు దగ్గర గుండ్లుపేట రైతులు ఏ బ్యాంకూ చెప్పకుండానే, తరాల తరబడి, పొలం హద్దుల్లో ఈ గడ్డే పెంచుకుంటున్నారు. ఫిజీ వెళ్ళి, వాషింగ్టన్ వెళ్ళి తిరిగొస్తే గానీ పక్క జిల్లా వాడి తెలివి మనకి కనిపించలేదు! పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో కూడా 1990ల మొదట్లో ఎర్రనేల మీద వట్టివేరు, నిమ్మగడ్డి, రాతికట్టలు పక్కపక్కన పెట్టి చూశారు. ఏ అడ్డూ లేని చేనుతో పోలిస్తే వట్టివేరు వరసలున్న చోట నీళ్ళూ మట్టీ కూడా బాగా తక్కువ పోయాయి.

ఇంత మంచిదైతే మన ఊళ్ళల్లో ఎందుకు లేదు? నాకు తోచిన మొదటి కారణం, గడ్డికి బిల్లు రాయడం కష్టం. గట్టయితే పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి ఘనపు మీటర్లలో ఎం-బుక్కులో ఎక్కించొచ్చు. ఫొటో తీస్తే పని జరిగినట్టు కనిపిస్తుంది. ప్రారంభోత్సవానికి నాయకుడు పార పట్టుకుని నిలబడొచ్చు. గడ్డి పిలక పట్టుకుని నిలబడితే ఏం బావుంటుంది? నాటిన రోజు చూస్తే చేలో ఎండు పుల్లలు గుచ్చినట్టుంటుంది. అది కంచెలా కలవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, ఈలోపు ఆ ఆర్థిక సంవత్సరం, ఆ ఆఫీసరు, కొండొకచో ఆ ప్రభుత్వం కూడా మారిపోతాయి.

రెండో కారణం నా దృష్టిలో దానికన్నా పెద్దది, దాని గురించి తక్కువ మాట్లాడతాం. మా చేను చేసేది కౌలు రైతు. 2019లో నేను గడ్డి మాట ఎత్తితే అతను నన్నొకటే అడిగాడు: "మూడేండ్లకు ఈ చేను నా చేతిలో ఉంటాదో లేదో, నేనెందుకు నాటల్ల సార్?" నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అతను అన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి కౌలుదార్లకి కార్డులిచ్చారు, వాటి గడువు 11 నెలలు. 11 నెలల మనిషిని 3 ఏళ్ళ గడ్డి నాటమంటే నాటుతాడా? మట్టి పోతే నష్టం భూమి యజమానిది, ఆ యజమాని ఉండేదేమో గచ్చిబౌలిలో. మట్టిని కాపాడగలిగేవాడు రోజూ చేలో ఉంటాడు గానీ లాభం అతనికి రాదు. మన నేలకోతలో సగం ఈ సందులోంచే కారిపోతోందని నా నమ్మకం. కాబట్టి గడ్డి నాటించాల్సింది, ఖర్చు పెట్టాల్సింది యజమాని. అంటే మనం.

మూడో చిక్కు, సమమట్టం గీతకి పొలం హద్దులతో పనిలేదు. అది మా చేలో మొదలై పెద్దనాన్న వాళ్ళ చేలోకి వెళ్ళి మళ్ళీ మా చేలోకి వస్తుంది. అన్నదమ్ములు మాట్లాడుకోని ఊళ్ళో ఇది మట్టి సమస్య కాదు, పంచాయితీ సమస్య. మేం మా హద్దు వరకే నాటి ఊరుకున్నాం.

మా చేను ఆరెకరాలు, వంక వైపుకి 3, 4 శాతం వాలు. ఆ ఏడు వానలు పడ్డాక రెండు వరసలు, ఒక్కోటి 150 మీటర్లు, జానెడు కన్నా తక్కువ ఎడంతో రెండువేల పిలకలు నాటించాను. మా చిన్నాయన గట్టు మీద కూర్చుని చూస్తూ "ఏం రా అబ్బీ, గడ్డి పీకేదానికి కూలీల్ని పెట్టేది చూసినాం గానీ, నాటేదానికి పెట్టేది ఈడే చూస్తాండా" అన్నాడు. "ఆ గడ్డి వేరు చిన్నాయనా, ఈ వేరు వేరు" అన్నాను. నాటేవాళ్ళు కూడా నవ్వారు. "సరేలే, ఎనుములు తింటాయా దీన్ని?" అన్నాడు. లేతగా ఉంటే తింటాయి, ముదిరితే ముట్టవు అన్నాను. "తినని గడ్డి ఎందుకురా మనకు?" అన్నాడు. తినవు కాబట్టే నిలుస్తుంది. మేకలు మొదలంటా కొరికేసే గడ్డి అయితే రెండో ఏడాదికి వరస ఉండదు. ఈ మాట ఆయనకి ఇప్పటికీ రుచించదు. గట్టు మీద కందో, పశుగ్రాసమో ఉంటే రెండు పనులూ అవుతాయి కదా అంటాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే దిగువ గట్టు మీద ఆయన వేసుకున్న కందిని నేను కదపలేదు.

మొదటి ఎండాకాలానికి మూడో వంతు పిలకలు ఎండిపోయాయి. వేళ్ళు కిందికి దిగాక ఈ గడ్డి కరువుకి చలించదు గానీ, దిగేదాకా పసిపిల్లే. 2020 వానలకి బతికిన దుబ్బులు విడదీసి ఖాళీలు నింపాం. ఖాళీలు నింపడమే ఈ పనిలో అసలు పని, ఇది చెయ్యనివాళ్ళు గడ్డి నాటకపోవడమే మేలు. సందు ఉన్నచోట నీళ్ళన్నీ ఆ సందుకే వస్తాయి, అప్పుడు తెగిన గట్టుకీ దీనికీ తేడా ఉండదు. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, కడప జిల్లాలో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిన వారం. కదిరి వైపు కూడా కుండపోతే. వాన వెలిశాక వెళ్ళి చూస్తే పై వరస వెనక బెత్తెడు మేట, సన్నటి ఎర్రమట్టి, పిండిలా. ట్రాక్టరు పోవడానికి దారి వదిలిన చోట మాత్రం మోకాలిలోతు గాడి. ఆ దారిని ఇప్పుడు రాళ్ళు పరిచి కట్టించాం.

ఇంకో రెండు మాటలు ఉన్నదున్నట్టు చెప్పాలి. వరసల మధ్య నేల మీద చినుకు దెబ్బని ఈ గడ్డి ఆపలేదు. అక్కడ మట్టి కదులుతూనే ఉంటుంది, కాకపోతే చేను దాటిపోదు. వరసకి సరిగ్గా దిగువన నేల పలచబడుతుంది, పైన మేట బలుస్తుంది. అందుకే ఏడాదికోసారి గడ్డిని మోకాలెత్తుకి కోసి, ఆ కోతని దిగువ పలచటి నేల మీద కప్పెయ్యాలి. వేరుశనగ కట్టె అంతా పశువులకే పోయే మావైపు నేలకి దొరికే కప్పు అదొక్కటే. రెండోది, వట్టివేరుకి నీడ పడదు. గుబురు మామిడితోటలో, పాడేరు వైపు కాఫీ చెట్ల కింద ఇది పలచబడిపోతుంది. ఇక నల్లరేగడి లోతుగా ఉండి చదునుగా ఉన్నచోట, డెల్టాలో, దీని అవసరమే లేదు.

యూట్యూబులో ఈ గడ్డికి ఇంకో అవతారం ఉంది: "వట్టివేరు సాగు, ఎకరాకి లక్షల్లో ఆదాయం". అది నూనె కోసం వేరు తవ్వి అమ్మే పంట. ఇసుక నేలల్లో, చదును భూముల్లో వేసుకునేవాళ్ళు వేసుకోనీండి. వాలు చేలో మాత్రం ఆ రెండు కోరికలూ కుదరవు. వేరు తవ్వాలంటే నేలంతా పెళ్ళగించాలి, అంటే కాపాడాల్సిన మట్టిని మనమే విప్పి వానకి అప్పగించడం. ప్రపంచానికి వట్టివేరు నూనె పెద్ద ఎత్తున పంపే హైతీలో కొండవాలుల మీద జరిగింది అదే. కంచెగా నాటిన వరసలో ఒక్క దుబ్బు కూడా నూనెకి తవ్వొద్దు.

కొనేసినవాళ్ళకీ, కొనబోయేవాళ్ళకీ నా సలహా ఇది. జేసీబీ కన్నా ముందు ఓ మేస్త్రీని పిలవండి. వాళ్ళ దగ్గర పునాదికి మట్టం చూసే పారదర్శకమైన నీళ్ళ గొట్టం ఉంటుంది. దాని రెండు కొసల్లో నీళ్ళు ఒకే ఎత్తుకి వచ్చేలా జరుపుకుంటూ మేకులు కొడితే సమమట్టం గీత వచ్చేస్తుంది. యాప్‌లూ డ్రోన్లూ అక్కర్లేదు. పైనుంచి కిందికి, మట్టం ఒక మీటరు దిగిన ప్రతిచోటా ఒక గీత. 2 శాతం వాలయితే 50 మీటర్లకొకటి వస్తుంది, 5 శాతమయితే 20 మీటర్లకి. ఎగువ వరస ముందు నాటండి. సహజంగా నీళ్ళు పోయే వాగు దారి ఉంటే దాన్ని పూడ్చొద్దు, గోడ కట్టొద్దు. పిలకలు వేలెడు వేళ్ళతో, జానెడు కాడతో కత్తిరించి, తొలకరి పదునులో, ఒక చాలు తీసి గుచ్చించండి. 5 శాతం వాలు ఎకరాకి 10 సెంటీమీటర్ల ఎడంతో 2 వేల పిలకలు పడతాయి. అన్నీ కొనక్కర్లేదు, బోరు పక్కన ఓ సెంటు జాగాలో కొన్ని దుబ్బులు పెంచుకుంటే మరుసటి ఏడాదికి మీ పిలకలు మీవే. దున్నడం, విత్తడం ఆ వరసలకి సమాంతరంగా జరగాలని కౌలు రైతుతో ముందే మాట్లాడుకోండి. ఆ ఏటి కౌల్లో కాస్త తగ్గించి మాట్లాడుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఖాళీలు చూసుకోవాల్సింది అతనే.

మా దగ్గర ఇప్పుడు పిలకలకి కొదవలేదు. కదిరి చుట్టుపక్కల వాళ్ళెవరైనా ఉంటే జులైలో ఓ వాన పడ్డాక రండి, సంచులు మీవే తెచ్చుకోండి. దుబ్బులు తవ్వడం అంత సులువు కాదు, గడ్డపార కావాలి, నడుం కావాలి. చిన్నాయన పక్కన కూర్చుని ఏదో ఒకటి అంటూనే ఉంటాడు, టీ మాత్రం బాగా పెట్టిస్తాడు.